సగం ధరకు సీలు పెట్టె

సీలు విప్పని ఆట కార్డుల పెట్టె దుకాణంలో సగం ధరకు కనబడితే కొనాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా? ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో కాలేజీ కుర్రాళ్లున్నారు, ఆ కుర్రాళ్ల ఖర్చు చూసి దిగులుపడే అమ్మానాన్నలున్నారు, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవడికి పుట్టినరోజు కానుక పంపాలనుకునే తాతయ్యలూ ఉన్నారు. అందుకే ఇవాళ దీని గురించే మాట్లాడదామనుకున్నాను.

ఆట కార్డులంటే పేకముక్కలు కావు. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితవేత్త రూపొందించగా, 1993లో అమెరికాలోని విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ విడుదల చేసిన ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’తో ఈ తరహా ఆట మొదలైంది. 1996లో జపాన్‌లో పోకేమాన్ కార్డులు వచ్చాయి, 1999లో యు-గి-ఓ వచ్చింది. ఇప్పుడు డిస్నీ బొమ్మలతో లోర్కానా కూడా ఉంది. అన్నిటిదీ ఒకటే పద్ధతి. కార్డులు చిన్న ప్యాకెట్లలో వస్తాయి. లోపల ఏముందో చించేదాకా తెలీదు. ఆటను బట్టి ఇరవై నాలుగో, ముప్పయ్యో, ముప్పై ఆరో ప్యాకెట్లు కలిస్తే ఒక పెట్టె. ప్యాకెట్లో చాలా మటుకు మామూలు కార్డులే ఉంటాయి, అరుదైనవి ఒకటో రెండో. ఆ అరుదైన వాటిలోనూ పదిమందీ కోరుకునేవి బహు కొద్ది. అవి విడిగా నలభై, యాభై డాలర్లు పలుకుతాయి. మిగతావాటిని దుకాణదారు వెయ్యి కార్డులకు ఇంత అని లెక్కగట్టి తీసుకుంటాడు.

ఇక తగ్గింపు సంగతి. ఆషాఢం రాగానే మన బట్టల కొట్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పెళ్లిళ్లు లేవు, బేరాలు లేవు, శ్రావణానికి కొత్త సరుకు దిగాలి. కొట్టువాడికి చోటు కావాలి, చేతిలో డబ్బు కావాలి. అందుకని మంచి చీరనే తగ్గించి ఇస్తాడు. అయితే అదే గుట్టలో రంగు వెలిసినదీ, అంచు చెడినదీ కూడా కలిసి ఉంటాయి. మా అమ్మ ఆ గుట్ట ముందు కూర్చుంటే ప్రతి చీరా మడత విప్పించి వెలుతురులో పట్టుకుని చూసేది. కార్డుల పెట్టెకు ఆ వీలు లేదు. సీలు విప్పితే అది ఇక సీలు పెట్టె కాదు. కాబట్టి ధర ఎందుకు తగ్గిందో పెట్టె బయటే కనుక్కోవాలి. కొట్టువాడి అవసరం కొద్దీ తగ్గిందా, సరుకులో పస లేక తగ్గిందా?

మ్యాజిక్ తొలి రోజుల్లో జరిగిన ఒక సంగతి చెబితే ఇది బాగా అర్థమవుతుంది. 1993 డిసెంబరులో ‘అరేబియన్ నైట్స్’ అనే సెట్, అంటే కొత్త కార్డుల విడత, వచ్చింది. 1994లో ‘యాంటిక్విటీస్’, ‘లెజెండ్స్’, ‘ద డార్క్’ వరసగా వచ్చాయి. అప్పటికి అమెరికాలో ఈ ఆట మీద మోజు పిచ్చిగా పెరిగింది, ముద్రణ మాత్రం దానికి తగ్గట్టు లేదు. దుకాణదారు అడిగినదాంట్లో కొంత వంతే చేతికి వచ్చేది. వాళ్లూ వ్యాపారస్తులే కదా, కిటుకు కనిపెట్టారు. పది పెట్టెలు కావాలంటే ముప్పై రాశారు. ఎలాగూ కోత పడుతుంది, ఎక్కువ రాస్తే మనకు కావలసినవి మిగులుతాయని లెక్క. 1994 నవంబరులో ‘ఫాలెన్ ఎంపైర్స్’ వచ్చేసరికి కంపెనీ ముద్రణ బాగా పెంచేసింది. ఈసారి ఎవరు ఎంత రాస్తే అంతా దిగింది! ఎనిమిదేసి కార్డుల ప్యాకెట్లు, పెట్టెకు అరవై ప్యాకెట్లు. దుకాణాలు ఆ పెట్టెలతో నిండిపోయాయి. అడ్డికి పావుశేరు చొప్పున వదిలించుకోవడం మొదలైంది. ముప్పై ఏళ్లు దాటినా, ఆ కాలపు సెట్లలో ఫాలెన్ ఎంపైర్స్ ప్యాకెట్లు అన్నిటికంటే చవకైన వాటిలోనే ఉన్నాయి. ‘లెజెండ్స్’ ప్యాకెట్ ఒక్కటి కొనాలంటే ఇప్పుడు మన దగ్గర మామూలు ఉద్యోగి నెల జీతం సరిపోదు. రెండూ ఒకే ఏడాదివి, ఒకే కంపెనీవి.

పాతబడితే దేనికైనా ధర పెరుగుతుందనుకునేవాళ్లకు నేను ఈ ఉదాహరణే చెబుతాను. ఫాలెన్ ఎంపైర్స్‌లో మంచి కార్డులు లేకపోలేదు. ‘హిమ్ టు టూరాక్’ అనే కార్డును ఆటగాళ్లు ఏళ్ల తరబడి వాడుకున్నారు. కానీ అది మామూలు కార్డుగా వచ్చింది, అదీ నాలుగు వేర్వేరు బొమ్మలతో. పెట్టె విప్పిన ప్రతివాడికీ గుప్పెడు దొరికాయి. అందరి దగ్గరా ఉన్నదానికి ఎవరు ఎక్కువిస్తారు?

ఇప్పటి రోజులకు వద్దాం. 2023 మే నెలలో మ్యాజిక్‌లో ‘మార్చ్ ఆఫ్ ద మెషీన్: ది ఆఫ్టర్‌మాత్’ అని ఒక చిన్న సెట్ వచ్చింది. మొత్తం యాభై కార్డులే, ప్యాకెట్లో ఐదే. జనం పెదవి విరిచారు, ధర కొన్ని వారాల్లోనే దిగజారింది. దిగాక కొన్నవాళ్లున్నారు, ఇంకా దిగింది. ఎందుకలా జరిగిందంటే, ఆ ప్యాకెట్లతో చెయ్యగలిగిన పని ఒకటే, చించి మంచి కార్డు కోసం వెతుక్కోవడం. వాటిని పంచుకుని అప్పటికప్పుడు ఆట ఆడలేం.

మామూలు సెట్ పెట్టె అలా కాదు. దానితో డ్రాఫ్ట్ ఆడొచ్చు. డ్రాఫ్ట్ అంటే, ఎనిమిదిమంది బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరికి మూడు ప్యాకెట్లు. మొదటి ప్యాకెట్ చించి, అందులో తనకు నచ్చిన కార్డు ఒకటి తీసుకుని, మిగతావి ఎడమ పక్కవాడికి అందించాలి. కుడి పక్కవాడు అందించిన వాటిలోంచి మళ్లీ ఒకటి. అలా కార్డులు తిరుగుతూ తిరుగుతూ అయిపోతాయి. రెండో ప్యాకెట్ కుడి పక్కకు. మూడోది మళ్లీ ఎడమకు. పక్కవాడు ఏ రంగు కార్డులు వదులుతున్నాడో, ఏవి మింగేస్తున్నాడో వచ్చిన కట్టను చూసి ఊహించాలి. మూడో కార్డు దగ్గరే కొందరి ముఖాలు తేటపడతాయి, కొందరి నొసళ్లు ముడుచుకుంటాయి. ఆ తర్వాత ఏరుకున్న కార్డులకు ఆటకు ఆధారమైన నేల కార్డులు కలిపి నలభై కార్డుల పేక కట్టి, ఒకరితో ఒకరు ఆడాలి. ఈ ఆటల ప్రపంచం మొత్తంలో దీనికి మించిన సాయంత్రం లేదని నా నమ్మకం. ఖరీదైన కార్డులున్నవాడూ, నిన్ననే ఆట నేర్చుకున్నవాడూ ఆ బల్ల దగ్గర ఒకేచోట మొదలుపెడతారు.

కాబట్టి నా లెక్క ఇక్కడ మొదలవుతుంది. 2025 నుంచి మ్యాజిక్ పెట్టెలో సాధారణంగా ముప్పై ప్యాకెట్లు. 2025లో కొన్ని సెట్లకు ప్యాకెట్ అసలు ధర సుమారు ఐదున్నర డాలర్లు, అంటే పెట్టె నూట అరవై ఐదు. అదే పెట్టె నూట ఐదుకు దొరికిందనుకోండి. ప్యాకెట్ మూడున్నర పడింది. ఒక మనిషి డ్రాఫ్ట్ ఆడటానికి పదిన్నర డాలర్లు. అమెరికాలో ఒక సినిమా టికెట్ ఖర్చుతో మూడు నాలుగు గంటల ఆట, పైగా కార్డులు చేతిలో మిగులుతాయి. లోపల ఏ కార్డు వచ్చినా రాకపోయినా ఆ డబ్బుకు న్యాయం జరిగినట్టే. ఆడటానికి పనికొచ్చే పెట్టె ధర ఎంత పడిపోయినా ఒకచోట ఆగేది ఇందుకే. ఆడుకునేవాళ్లు ఎక్కడో ఒకచోట దాన్ని పట్టుకుంటారు. ఆఫ్టర్‌మాత్‌కు అలా పట్టుకునేవాళ్లు లేరు. 2024 జులైలో ‘అసాసిన్స్ క్రీడ్’ పేరుతో ఏడేసి కార్డుల ప్యాకెట్లు వచ్చాయి, వాటికీ చాలాచోట్ల అదే గతి పట్టింది.

కొందరు ఇంకో లెక్క వేస్తారు. పెట్టెలో ఉండే కార్డులన్నిటి విడి ధరలూ సగటున కలిపి, అది పెట్టె ధర కంటే ఎక్కువుంటే కొనెయ్యమంటారు. లెక్క తప్పు కాదు గానీ, దాన్ని ఎప్పుడు వేస్తున్నామనేది చూసుకోవాలి. సెట్ విడుదలైన వారంలో చించినవాళ్లు తక్కువ, కావాలనేవాళ్లు ఎక్కువ. అందుకే విడి కార్డుల ధరలు ఆకాశంలో ఉంటాయి. నెల తిరిగేసరికి లక్షల ప్యాకెట్లు చినిగి, అవే కార్డులు సగానికీ పావుకీ వస్తాయి. మొదటి వారం ధరలతో లెక్కగట్టి పెట్టె కొన్నవాళ్లు చేతులు కాల్చుకునేది ఇక్కడే. ఆరు వారాలు ఆగి లెక్క వెయ్యండి.

పైగా సగటు అన్నది వంద పెట్టెలు విప్పేవాడికి వర్తిస్తుంది. మీరు విప్పేది ఒక్కటి. మ్యాజిక్‌లో అన్నిటికంటే అరుదైన తరగతిని మిథిక్ అంటారు. ఏడెనిమిది ప్యాకెట్లకు ఒకటి వస్తుంది, అంటే పెట్టెకు సుమారు నాలుగు. సెట్లో ఇరవై మిథిక్‌లు ఉన్నాయనుకుంటే, మీకు కావలసిన ఫలానా కార్డు ఒక పెట్టెలో దొరికే అవకాశం ఐదింట ఒక వంతు. ఆ కార్డు విడిగా నలభై డాలర్లకు దొరుకుతుంటే దాని కోసం నూట ఐదు పెట్టి పెట్టె కొనడం ఎందుకు? ఏ తగ్గింపూ ఈ లెక్కను మార్చలేదు. మీ అబ్బాయికి ఒకే ఒక్క కార్డు కావాలంటే ఆ కార్డే కొనివ్వండి.

మరి ధర ఎప్పుడు తగ్గుతుంది? విడుదలకు ముందు ఉత్సాహం, విడుదల వారంలో తోపులాట. ఆ తర్వాత రెండు మూడు నెలలకు, తరవాతి సెట్ బొమ్మలు బయటికొస్తున్న రోజుల్లో, దుకాణదారు వెనక గదిలో మిగిలిన పెట్టెలు లెక్కపెట్టుకుంటాడు. పంపిణీదారుకు కొత్త సరుకు డబ్బు కట్టాలి, అలమారలో చోటు కావాలి. 2025లో ఒక్క మ్యాజిక్‌లోనే ఆరు ప్రధాన సెట్లు వచ్చాయి, అంటే ఏ సెట్‌కైనా వెలుగు రెండు నెలలే. ఇలా వచ్చేదే నిజమైన ఆషాఢం తగ్గింపు. సెట్ మంచిదని ఆడినవాళ్లు చెబుతూ, దుకాణదారు మాత్రం వదిలించుకోవాలని చూస్తున్న సమయం. నవంబరు చివర అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు వచ్చే బ్లాక్ ఫ్రైడే ఇంకో అదను. అప్పుడు ఏడాది పొడవునా పోగుపడ్డదంతా ఒకేసారి బయటికొస్తుంది, మంచీ చెడూ కలిపి.

తగ్గింపు దేని మీద అన్నది కూడా చూసుకోవాలి. విజర్డ్స్ కంపెనీ 2019లో మ్యాజిక్‌కు అసలు ధర ప్రకటించడం మానేసింది, 2025 సెట్లతో మళ్లీ మొదలుపెట్టింది. ఆ మధ్యకాలపు పెట్టె మీద ‘నలభై శాతం తగ్గింపు’ అని రాసుంటే, ఆ నూరు శాతం ఎవరు పెట్టినట్టు? పక్క దుకాణంలో ఇవాళ ఎంతకు అమ్ముతున్నారన్నదే అసలు ధర.

కొరత చూసి భయపడి కొనడం ఇంకో తప్పు. 2023 ఆగస్టులో లోర్కానా తొలి సెట్ వచ్చినప్పుడు ప్యాకెట్ అసలు ధర ఆరు డాలర్లు. సరుకు చాలక, చాలాచోట్ల అంతకు ఎంతో ఎక్కువ పెట్టి కొన్నారు. తయారుచేసే రావెన్స్‌బర్గర్ కంపెనీ మళ్లీ ముద్రించింది, తరవాతి సెట్లు పుష్కలంగా తెచ్చింది. మరుసటి ఏడాదికల్లా లోర్కానా పెట్టెలు అసలు ధర కంటే తక్కువకు దొరికాయి. అచ్చు యంత్రం కంపెనీ చేతిలో ఉంది. ముద్రణ ఆపామని వాళ్లే చెప్పేదాకా కొరతను నమ్మకండి.

ఇప్పుడు దాచిపెట్టేవాళ్ల సంగతి. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో సగంమంది మనసులో ఉండేది ఇదే. తగ్గింపులో కొని అటక మీద పెడదాం, పదేళ్లకు పదింతలవుతుంది అని. వాళ్లు చూపించే ఉదాహరణ పోకేమాన్ ‘ఎవాల్వింగ్ స్కైస్’. 2021 ఆగస్టులో వచ్చింది. అందులో వెన్నెల్లో చెయ్యి చాచిన అంబ్రియాన్ అనే పోకేమాన్ బొమ్మ ఉన్న కార్డు ఒకటుంది, దాని కోసం జనం ఎగబడ్డారు. మొదట్లో అసలు ధరకు అటూ ఇటూగా దొరికిన పెట్టె, ముద్రణ ఆగాక ఎన్నో రెట్లయింది. నిజమే. కానీ అదే ఏడాది నవంబరులో వచ్చిన ‘ఫ్యూజన్ స్ట్రైక్’ ఎంతకాలం తగ్గింపు ధరల్లో నలిగిందో వాళ్లు చెప్పరు. కొనే రోజున రెండూ ఒకేలాంటి పెట్టెలు. అమెరికాలో 1980ల చివర, 90ల మొదట్లో బేస్‌బాల్ కార్డులకూ ఇదే ఆశ పుట్టింది. అందరూ పెట్టెలకు పెట్టెలు దాచారు. కంపెనీలూ అంతకు తగ్గట్టు అచ్చువేశాయి. అందరూ దాచారు కాబట్టే అవి అరుదు కాలేదు. ఆ పెట్టెలు ఇవాళ్టికీ సీలుతోనే చవగ్గా దొరుకుతున్నాయి.

పోనీ పెరిగిందే అనుకుందాం. నూరుకు కొన్నది నాలుగేళ్లకు నూట యాభై అయింది. అమ్మిపెట్టే వేదికకు కమిషన్ ఇరవై, పోస్టు ఖర్చు పదిహేను పోతే చేతికి వచ్చేది నూట పదిహేను. ఆ నాలుగేళ్లు బ్యాంకులో వేసినా మన దగ్గర అంతకంటే ఎక్కువే వస్తుంది, అటక మీద చోటూ మిగులుతుంది. పదేళ్ల పిల్లవాడికి పుట్టినరోజున సీలు పెట్టె ఇచ్చి ‘విప్పకు, దాచు’ అని చెప్పే పెద్దలను చూస్తే నాకు బాధేస్తుంది. వాడి కంట్లో ఆట ఉంది, మనం దాన్ని వాటా కాగితం చేస్తున్నాం.

మోసం సంగతి తప్పక చెప్పాలి. తగ్గింపు ధరకు విడి ప్యాకెట్లు కొనకండి, సీలున్న పెట్టె కొనండి. 1999 ప్రాంతపు తొలినాటి పోకేమాన్ ప్యాకెట్లలో మెరిసే కార్డు ఉన్నది కొంచెం బరువు తూగేది. గ్రాములో భాగాలు తేల్చే తక్కెడ మీద తూచి, బరువైనవి ఉంచుకుని తేలికవి అమ్మేవాళ్లు. అప్పటి విడి ప్యాకెట్ ఎంత చవగ్గా కనబడినా అది తూచి వదిలేసినదే అయ్యుండొచ్చు. తర్వాత కంపెనీ ప్యాకెట్లో ఆన్‌లైన్ ఆటకు పనికొచ్చే వేరువేరు రకాల కోడ్ కార్డులు పెట్టి ఆ తూకాన్ని చెడగొట్టింది. మళ్లీ అంటించిన ప్యాకెట్ల సంగతి వేరు. ప్యాకెట్ పైనా కిందా గీతలు గీతలుగా నొక్కిన అంచు ఉంటుంది. దాన్ని వేలితో తడమండి. గీతలు చివరిదాకా ఒకే తీరుగా ఉండాలి. ఎక్కడైనా జిగురు మెరుపు కనబడినా, గీతలు అణిగిపోయినా వదిలేయండి. పెట్టె మీది పల్చని ప్లాస్టిక్ పొర మీద కంపెనీ గుర్తు ఉండాల్సిన చోట ఉందో లేదో చూడండి. బజారంతా కొరతగా ఉన్నప్పుడు మరీ జాగ్రత్త. 2025 జనవరిలో పోకేమాన్ ‘ప్రిస్మాటిక్ ఎవల్యూషన్స్’ వచ్చినప్పుడు అసలు ధరకు దొరకడమే గగనమైంది. అలాంటి సమయంలో ఎవరైనా సగం ధరకు ఇస్తానంటే అది తగ్గింపు కాదు.

మన ఊళ్లలో బడి పక్క దుకాణాల్లో అమ్మే చవక పోకేమాన్ ప్యాకెట్లు, బంగారు రంగు ప్లాస్టిక్ కార్డులు చాలా మటుకు నకిలీవే. పిల్లలు మార్చుకుని ఆడుకుంటే తప్పు లేదు. కానీ అవి పోటీల్లో చెల్లవు, ఎంత దాచినా విలువ రాదు. ఇక అమెరికా నుంచి అసలు పెట్టె సూట్‌కేసులో తెప్పించుకున్నవాళ్లు గాలిలో చెమ్మ సంగతి చూసుకోవాలి. మెరిసే కార్డులో ఒక పక్క రేకు పొర, మరో పక్క కాగితం. కాగితం చెమ్మ పీలుస్తుంది, రేకు పీల్చదు. అందుకే అది వంకర తిరుగుతుంది. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలమంతా పెట్టెను బీరువా అడుగున పెడితే, లోపలి మంచి కార్డులే ముందు వంగుతాయి.

దుకాణదారును అడగడానికి మొహమాటపడకండి. ‘ఇది ఎందుకు తగ్గించారండీ?’ అంటే చాలామంది దాచరు. ‘శుక్రవారం కొత్త సెట్ వస్తోంది, చోటు లేదు’ అన్నాడంటే మంచి గుర్తు. ‘ఎవరూ అడగట్లేదు’ అన్నాడంటే, ఆ సెట్ ఆడిన ఇద్దరు ముగ్గురిని కనుక్కున్నాకే డబ్బు తియ్యండి. మీరు శుక్రవారం సాయంత్రాలు ఆడుకునేది ఆయన బల్ల మీదే అయితే, ఎక్కడో గోదాములోంచి వచ్చే పెట్టె కంటే ఐదారు డాలర్లు ఎక్కువైనా ఆయన దగ్గరే కొనమంటాను. ఆ బల్లకు అద్దె కడుతున్నది ఆయనే.

కొన్నాక ఎలా విప్పాలో కూడా చెబుతాను. ఎనిమిదిమంది దొరికితే డ్రాఫ్ట్‌కు ఇరవై నాలుగు ప్యాకెట్లు పోతాయి. మిగిలిన ఆరు గెలిచినవాళ్లకు బహుమతి. అంతమంది లేకపోతే తలా ఆరు ప్యాకెట్లు పంచి, వచ్చిన వాటితోనే పేక కట్టి ఆడొచ్చు. ముప్పై ప్యాకెట్లు సరిగ్గా ఐదుగురికి వస్తాయి. నేల కార్డులు, అంటే ల్యాండ్‌లు, ప్యాకెట్లలో వచ్చేవి చాలవు. దుకాణంలో అడిగితే చాలాచోట్ల ఊరికే ఇస్తారు. మనిషికి పదిహేడు చొప్పున, ఐదు రంగుల్లోనూ కాసిని ఎక్కువగా తెచ్చుకుని బల్ల మధ్యలో పెట్టుకోండి. ముందు పిల్లలను చించనివ్వండి.